రెండు కిటికీల చీర

"ఎరుపు, టీచర్!" అంది సంధ్య, తన బొమ్మను ఫోన్ ముందు పెట్టి.

"పద్మారాణీ, నువ్వు ఏ రంగు వేశావు?"

"నీలం, టీచర్!"

లాక్‌డౌన్‌లో బడి ఫోన్‌లోకి వచ్చేసింది. ఆ రోజు కిటికీలోంచి కనిపించేది చూసి గీయాలి. సంధ్య, పద్మారాణి ఎదురెదురు ఇళ్ల పిల్లలు. సూరత్‌లోని లింబాయత్‌లో వాళ్ల గల్లీ ఎంత ఇరుకంటే, ఈ కిటికీలో తాలింపు వేస్తే ఆ కిటికీలో తుమ్ములొస్తాయి. మధ్యలో తాడు మీద సంధ్య వాళ్లమ్మ చీర ఆరేసి ఉంది. ఇద్దరూ దాన్నే గీశారు.

"అబద్ధం, టీచర్! పద్మ చూడనే లేదు. దాని ఎర్ర క్రేయాన్ అయిపోయింది!" అనేసింది సంధ్య.

క్లాసంతా నవ్వింది. ఎదుటి కిటికీ ధడాలున మూసుకుంది.

మధ్యాహ్నం దాటినా తెరుచుకోలేదు. రోజూ ఈపాటికి ఇద్దరూ కిటికీల్లో కూర్చుని పొడుపు కథలు వేసుకునేవారు. గల్లీలోకి వెళ్లే వీల్లేదు. ఉన్న ఒక్క నేస్తమూ పోయింది.

"ఏందే, మూతి గట్ల పెట్టినవ్?" అన్నాడు తండ్రి సోమలింగం. మరమగ్గాల కార్ఖానా మూతపడ్డాక ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు.

సంధ్య అంతా చెప్పి, "నువ్వే చెప్పు బాపూ, గది ఎర్రది కాదా?" అని అడిగింది.

బాపు చీర తీసుకొచ్చాడు. కొంగు చివర రెండు పోగులు లాగి ఆమె అరచేతిలో పెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

"నిలువుకు ఎర్ర పోగు, అడ్డానికి నీలం పోగు ఏసి నేనే నేసిన. ఇగ జూడు."

చీరను వాలుగా పట్టుకున్నాడు. ఎర్రగా ఉంది. మెల్లగా తిప్పాడు. సంధ్య చూస్తుండగానే నీలమైపోయింది!

"మరి అసలు రంగేంది బాపూ?"

"నేసిన నాకే తెల్వదు బిడ్డా! యాడ నిలబడితే గా రంగు," అని నవ్వాడు.

సంధ్యకు నవ్వు రాలేదు. చీరను మళ్లీ తాడు మీద వేయించింది. కొత్త కాగితం తీసి చీర గీసింది. సగానికి ఎరుపు వేసి ఆగింది.

"పద్మా! తప్పు నాదేనే. కిటికీ తియ్యవా?"

సంధ్య గొంతు పెంచింది.

"రేపు క్లాసుల గదే చెప్త. ఈ బొమ్మ మీద ఇద్దరి పేర్లు రాస్త. సగమే అయింది, మిగిలింది నీ దిక్కు నుంచే తెల్వాలె!"

కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది.

"ఏం తెల్వాలె?"

"ఆడికెల్లి ఎట్ల కనబడ్తుంది?"

"నీలం. మడత కాడ ఇంకా చిక్కగ. అంచుకు జర మెరుస్తుంది..."

"ఆగాగు, జర మెల్లగ చెప్పు," అంటూ సంధ్య నీలం క్రేయాన్ అందుకుంది.