మూడిళ్ళ పంచాయితీ

పొద్దున్నే కాఫీ గ్లాసులతో పాటు ఇంటి పంచాయితీ కూడా బల్ల మీదికొచ్చింది. ఉంటున్న ఇల్లు ఓనరుకే కావాలట. చూసొచ్చిన మూడిళ్ళలో ఏది కావాలో పది గంటల్లోపు బ్రోకరుకి చెప్పెయ్యాలి. ఒకటి పెరడున్న ఇల్లు, ఒకటి పై అంతస్తు, ఇంకోటి కోడలి షాపు పక్కిల్లు. రోజంతా ఇంట్లో మసిలేది అత్తయ్యే కాబట్టి ఆవిడ మాటే ఖాయం అని కోడలు తేల్చేసింది. ఆవిడేమో "నాదేముందమ్మా, మీ ఇష్టం" అంటూ వారం రోజులుగా తప్పించుకు తిరుగుతోంది!

కోడలిది కళ్ళజోళ్ళ షాపు. వచ్చినవాళ్ళ కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడమే ఆమె పని. ఇవాళ ఆ పద్ధతే ఇంట్లోనూ మొదలెట్టింది.

"అత్తయ్యా, రెండేసి చొప్పున అడుగుతా. పెరడిల్లా, పై అంతస్తా?"

"పెరడిల్లే."

"పై అంతస్తా, షాపు పక్కిల్లా?"

"పై అంతస్తే నయం."

"హమ్మయ్య! అయితే పెరడిల్లే," అంటూ కొడుకు ఫోనందుకున్నాడు. ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసొచ్చాడేమో, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఆగండి, మూడో జత మిగిలింది."

"ఇంకా ఏం అడుగుతావ్? తెలిసిపోయిందిగా!"

"అలా సగంలో వదిలేసే జనానికి తలనొప్పి తెచ్చే కళ్ళజోళ్ళు అంటగడతారు. అత్తయ్యా, పెరడిల్లా, షాపు పక్కిల్లా?"

"షాపు పక్కిల్లు."

కొడుకు ఒంటికాలి మీద లేచాడు. "అమ్మా! అది దీనికన్నా నయం, ఇది దానికన్నా నయం, మళ్ళీ మొదటికొచ్చాం! గానుగ తిప్పుతున్నావా మమ్మల్ని? ఏదో ఒకటి చెప్పి ఏడవొచ్చుగా!"

పెద్దావిడ కళ్ళు నిండిపోయాయి. కోడలికి ఒళ్ళు మండింది.

"ఆవిడ మీద ఎందుకరుస్తారు? షాపులో ఎవరైనా ఇలా చెప్తే నేను వాళ్ళ మీద ఎగరను. అప్పుడు దేన్ని చూస్తూ చెప్పారో అడుగుతా." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అత్తయ్యా, పెరడిల్లు అన్నప్పుడు ఏమనుకున్నారు?"

"మన బుడ్డి మనవరాలు సైకిలు తొక్కుకుంటుందని."

"మరి పై అంతస్తు?"

"వీడికి పగటి నిద్ర కదమ్మా, వీధి గోల వినపడదని."

"షాపు పక్కిల్లు?"

"పెరడింటి నుంచైతే నువ్వు రెండు బస్సులు మారాలిగా."

కొడుకు ఫోను బల్ల మీద పెట్టేశాడు. ఒక్కోసారి ఒక్కొక్కరి కోసం చెప్పింది, పిచ్చితల్లి. లెక్క కలవమంటే ఎక్కడ కలుస్తుంది?

"మరి మీ కోసం?" అంది కోడలు.

"మీరిద్దరూ వెళ్ళిపోయి, వీడు పడుకున్నాక ఈ గోడలతోనే మాట్లాడుకుంటున్నానమ్మా. షాపు పక్కనైతే అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటా. వచ్చేపోయేవాళ్ళతో రెండు మాటలు... అడ్డమనుకుంటావేమోనని చెప్పలేదు."

కోడలికి ప్రాణం చివుక్కుమంది. 'మా అత్తయ్య హాయిగా ఇంట్లో ఉంటుంది' అని ఊరంతా గొప్పగా చెప్పుకుంది తనే! తలుచుకుంటే సిగ్గేసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని, ఈసారి మీ కోసమే చెప్పాలి సుమా అని ఒట్టేయించుకుని, మూడు జతలూ మళ్ళీ అడిగింది. షాపు పక్కిల్లు రెంటినీ ఓడించింది. పై అంతస్తు అట్టడుగుకి పోయింది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వట్లేదట, అదీ ఇప్పుడే బయటపడింది.

"మరి నా నిద్రో?" గొణిగాడు కొడుకు.

"చెవుల్లో దూది పెట్టుకోరా, వెధవా!" అంది తల్లి. ముగ్గురూ పకపకా నవ్వారు.

కొడుకు బ్రోకరుకి ఫోను కలిపాడు. పెద్దావిడ చెయ్యి చాపి దాన్ని లాక్కుంది. "బాబూ, షాపు పక్కిల్లు నాకు కావాలి. ఆ వీధి వైపు గది కూడా నాకే కావాలి."

కాపురానికొచ్చాక ఆవిడ నోట 'నాకు కావాలి' అన్న మాట వినడం కోడలికి అదే మొదలు. గ్లాసులు తీసే మిషతో వంటింట్లోకెళ్ళి కళ్ళొత్తుకుంది.