గళ్ళన్నీ నిండిన చార్టు

ఎముకల వార్డులో పెద్ద సిస్టర్‌ని అందరూ 'గడియారం' అనేవారు. పిండికట్టు వేసిన రోగి వేళ్ళని గంటకోసారి చూడాలి. గోరు నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి, వేళ్ళు కదలాలి, తిమ్మిరి ఉండకూడదు. ఆవిడ చార్టులో ఒక్క గడీ ఖాళీగా ఉండేది కాదు. ఎందుకుంటుంది? డ్యూటీ ఎక్కగానే రాబోయే గంటలన్నిటికీ కలిపి "బాగుంది, బాగుంది" అని ఒక్క ఊపున నింపేసేది మహాతల్లి!

కిందటేడు కుట్టుపని చేసుకునే అమ్మాయికి కుడిచెయ్యి విరిగితే పిండికట్టు వేశారు. "సిస్టరమ్మా, కట్టు బిగిసిపోతోంది, చెయ్యి నాది కానట్టుంది" అని ఆ పిల్ల ఒకటే మొత్తుకుంది. "నాటకాలాడకు, పడుకో" అంది సిస్టర్. చెయ్యి కుళ్ళి, విషం ఒళ్ళంతా పాకి, మూడోరోజుకి ఆ పిల్ల పోయింది. విచారణలో సిస్టర్‌ని ఆ చార్టే కాపాడింది.

ఇవాళ మెట్లమీద జారి సిస్టర్ కుడి మణికట్టు విరిగింది. వార్డులో ఆ అమ్మాయి పోయిన మంచమొక్కటే ఖాళీగా ఉంది. పిండికట్టు వేసి అక్కడే పడుకోబెట్టారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డు సద్దుమణిగింది. సిస్టర్‌కి కునుకు పట్టింది. ఎక్కడో కుట్టుమిషన్ తొక్కుతున్న చప్పుడు... టకటకటక. ఆవిడ చూపుడువేలి గోరుని ఎవరో నొక్కారు. చల్లటి వేళ్ళు.

"తిమ్మిరిగా ఉందా సిస్టరమ్మా?"

ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఎవరూ లేరు. కట్టు మాత్రం బిగుస్తోంది... లోపల ఎవరో దారం లాగి ముడేస్తున్నట్టు. ఇంకొంచెం... ఇంకొంచెం... ఈ నొప్పేమిటో ఆవిడకి తెలుసు. కట్టు ఇప్పుడే కోసెయ్యాలి. ఆలస్యమైతే చెయ్యి దక్కదు.

"ఒసేయ్, ఇటు రా! కట్టు కోసెయ్! తొందరగా!"

చిన్న సిస్టర్ పరుగున వచ్చింది. మంచానికి వేలాడుతున్న చార్టు చూసి నవ్వేసింది.

"అంతా బాగుందని మీరే రాసుకున్నారుగా అక్కా."

"కుడిచెయ్యి విరిగినదాన్ని, నేనెలా రాస్తానే? వేళ్ళు చూడవే, నీకు దణ్ణం పెడతాను!"

"మీ చేతిరాత నాకు తెలీదా? చార్టు నిండుంటే మళ్ళీ చూడక్కర్లేదని మీరే కదా నేర్పారు. పడుకోండక్కా." కట్టుమీదకి దుప్పటి లాగి కప్పి వెళ్ళిపోయింది.

సిస్టర్ ఎడమచేత్తో చార్టు అందుకుంది. రేపు పొద్దున ఆరింటిదాకా ప్రతి గడిలోనూ "బాగుంది". ఆవిడ రాతే. ఆరు తర్వాత గళ్ళన్నీ ఖాళీ. గోడ గడియారంలో ఇంకా రెండే అయింది.

చార్టు పక్కన పడేసి దుప్పటి తీసింది. కట్టు చివర వేళ్ళు నల్లబడుతున్నాయి. కదపబోయింది... కదల్లేదు.

ఆ వేళ్ళకి ఎర్రటి కుట్టుదారంతో ఒక పెన్ను కట్టి ఉంది. పాళీమీద సిరా ఇంకా ఆరలేదు.