చెయ్యిగుంట

ఒడ్డు కనుమరుగయ్యాక ఇంకా చాలా దూరం వెళ్తే, సముద్రం అడుగు ఒక్కసారిగా లోయలా దిగిపోయే చోటొకటుంది. ట్యూనా చేపలు తిరిగేది అక్కడే. సరదాకి పెద్ద చేపలు పట్టేవాళ్ళంతా పగలు అక్కడికే పరిగెడతారు. చీకటి పడితే మాత్రం ఒక్క బోటూ ఉండదు.

చీకట్లో అక్కడ చేప పడితే, గాలం రాడ్ పట్టుకున్న మన చేతుల మీద ఇంకో చెయ్యి పడుతుందట... తడిగా, చల్లగా. మనిషిని నీళ్ళలోకి లాక్కుపోవడానికే వస్తుందట. అందుకే ఆ చోటుకి చెయ్యిగుంట అని పేరు.

ఆ చెయ్యి మా బాబాయిదని కూడా చెప్పుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. బతికుండగా ఒకరి మీద గొంతెత్తని మనిషి, చచ్చాక జనాన్ని ముంచుతాడా?

బాబాయి పోయింది మాత్రం అక్కడే. పెద్ద చేపని లాగేటప్పుడు నడుముకి వెడల్పాటి బెల్టు కట్టుకుని, కొక్కేలతో గాలం లైను చుట్టుకునే రీలుకి తగిలించుకుంటారు. చేపల పోటీ జరిగిన ఆ రోజు రీలు బిగుసుకుపోయింది. కొక్కెం ఊడలేదు. చేప కిందకి దిగింది, దాంతో పాటు బాబాయీ.

అప్పుడు పక్కనున్నది ఒక్కడే — ఆయన ప్రాణస్నేహితుడు. ఇంటినిండా పోటీల్లో గెలిచిన కప్పులే కాబట్టి అందరూ కప్పులాయన అంటారు.

"చివర్లో ఏమైనా అన్నారా అన్నయ్యా?" అని పిన్ని ఏడాదంతా అతన్ని అడుగుతూనే ఉంది.

"ఏమీ అనలేదమ్మా. రెప్పపాటులో పోయాడు. నా చెయ్యి అందేలోపే..."

ఆ మాట అన్నప్పుడల్లా కళ్ళు తుడుచుకునేవాడు. ఆ కళ్ళలో కారం కొట్టాలి!

ఇక మిగతాదంతా పిన్ని చెప్పగా విన్నది.

ఏడాది తిరిగి మళ్ళీ పోటీలొచ్చాయి. "వాడి పేరు మీద అక్కడే ఒక చేప పడతానమ్మా" అన్నాడు కప్పులాయన. "నేనూ వస్తా" అంది పిన్ని. మొగుడు పోయిన చోటు ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఆమె ఆశ.

పగలంతా ఏమీ పడలేదు. పొద్దు గుంకింది. "వెళ్ళిపోదాం సార్..." అని బోటు నడిపే అతను గొణిగాడు. కప్పులాయన వింటేగా!

బాగా చీకటి పడ్డాక — రీలు కీచుమంది.

బోటు అతను పైకెక్కి చక్రం పట్టుకున్నాడు. కింద కప్పులాయన, వెనక పిన్ని. లైను పోతూనే ఉంది... పోతూనే ఉంది. కప్పులాయన మోకాళ్ళు బోటు అంచుకి తగిలాయి. ఇంతలో ఒక అల బోటుని ఎత్తి కుదేసింది. అతని పాదాలు గాల్లోకి లేచాయి.

పిన్ని ఒక్క గెంతు గెంతి, రెండు చేతులతో అతని బెల్టు పట్టీ దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది.

కప్పులాయన కెవ్వుమన్నాడు.

"చెయ్యి తియ్యరా! రాడ్ మీంచి చెయ్యి తియ్యి!"

ఎవరితో అంటున్నాడో పిన్నికి అర్థం కాలేదు.

"నువ్వు పట్టుకోమని అరిచినా నేను నీ రాడ్ ముట్టుకోలేదు కదరా... ముట్టుకుంటే నీ చేప చెల్లదనే కదరా ఆగాను! ఇప్పుడు నువ్వు ముట్టుకుంటే నాది పోతుందిరా!"

పోటీలో నియమం అది. రాడ్ మీద ఇంకొకరి వేలు పడినా ఆ చేప లెక్కలోకి రాదు.

అంటే బాబాయి అరిచాడు. పట్టుకోమని పిలిచాడు. వీడు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"వేళ్ళు విప్పితే చాలు, పోయేవాడు" అంది పిన్ని నాతో. విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఆవిడకే తెలీదు. నేనైతే విప్పేవాణ్ణి.

లైను ఫట్టున తెగింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. పిన్ని లేచీ లేవగానే వాడి చెంప పగలగొట్టింది.

"రాడ్ ముట్టుకోకూడదు, సరే! మనిషిని పట్టుకోకూడదని ఎక్కడుందిరా? బెల్టు పట్టుకుంటే నీ సొమ్మేం పోయేదిరా?"

వాడు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. వాటిని తడుముకుంటూ అడిగాడు... "నా వేళ్ళ మీద పడ్డ చెయ్యి... నీదేగా చెల్లెమ్మా?"

పిన్ని అరచేతులు చాపింది. పట్టీ కోసుకుపోయి రెండింట్లోంచీ రక్తం కారుతోంది. అప్పుడు రెండూ బెల్టు మీదే ఉన్నాయి. బోటు అతను పైనుంచి దిగనేలేదు.

"అది లాగలేదమ్మా..." అన్నాడు వాడు గుసగుసగా. "వెనక్కి తోసింది... నన్ను బోటులోకి తోసింది."

పిన్ని అంచు పట్టుకుని, నల్లటి నీళ్ళ మీదికి వంగి, గొంతు చించుకుని అరిచింది.

"వీణ్ణా కాపాడావు? నిన్ను నీళ్ళపాలు చేసినవాడి కోసం పైకొచ్చావా? ఏడాదిగా ఆ ఇంట్లో ఒక్కదాన్నే పడి ఏడుస్తుంటే, నా దగ్గరికి రావడానికి కాళ్ళు రాలేదా నీకు?"

నీళ్ళు కదల్లేదు. ఇంజిన్ కూడా ఆగిపోయింది...

అంచు మీదున్న ఆమె చేతుల మీద — తడిగా, చల్లగా — ఒక చెయ్యి పడింది.

"ఇప్పుడా వచ్చేది!" అని పిన్ని దాన్ని విదిలించి కొట్టింది.