గండశిలుడు దాచిన పొగబండి

మేఖలపురం రాజ్యంలో రాజధాని నుంచి సముద్రపు రేవు దాకా ఒక ఇనుప దారి ఉండేది. ఆ దారి మీద రోజూ పొద్దున్నే ఒక పొగబండి ధాన్యాన్నీ జనాన్నీ ఎక్కించుకుని, కొండలు దాటి రేవుకు పోయి, సాయంత్రానికి తిరిగివచ్చేది. ఒకనాడు అలా వెళ్ళిన బండి తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. బండి అసలు రేవుకే చేరలేదని అక్కడి నుంచి వచ్చిన పడవవాళ్ళు చెప్పారు. జనం స్టేషను ముందు గుమిగూడి తమవాళ్ళ కోసం గొల్లున ఏడ్చారు.

రాజు ఉదగ్రసేనుడు బండిని వెతికించే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "బండి నడిపే కుంతల దాన్ని పరాయి రాజ్యానికి తిప్పుకుపోయింది. ఆ దొంగ ఇల్లు కూల్చండి!" అని ఆజ్ఞ ఇచ్చి చేతులు దులుపుకున్నాడు.

కుంతలకు వకుళ అని ఒక్కతే కూతురు. భటులు ఇంటి కప్పు పీకుతుంటే వకుళ ఏడవలేదు. ఆమె ఒళ్ళు మండిపోయింది. తిన్నగా రాజు కొలువుకు వెళ్ళి నిలబడింది.

"మహారాజా, తిప్పుకుపోవడానికి బండికి చుక్కాని ఉందా, పగ్గాలున్నాయా? మా అమ్మ దాని వేగం పెంచగలదు, తగ్గించగలదు, ఆపగలదు. అంతే! ఎటు పోవాలో నిర్ణయించేవి పట్టాలు. ఈ మాత్రం తెలుసుకోకుండా మా అమ్మని దొంగ అన్నారా?"

రాజు ముఖం జేవురించింది. "అయితే బండిని నువ్వే వెతికి తీసుకురా! తేలేకపోతే ఈ రాజ్యంలో అడుగు పెట్టకు!"

"తెస్తాను. తెచ్చిననాడు మీరు అందరి ముందూ మా అమ్మకి క్షమాపణ చెప్పాలి," అని వకుళ వెనుదిరిగి వెళ్ళిపోయింది.

ఆమె పట్టాల వెంటే నడిచి అడవిలో ప్రవేశించింది. ఒకచోట దారి రెండుగా చీలింది. ఒకటి రేవుకు పోయేది, రెండవది ఏనాడో వాడి వదిలేసిన పాత దారి. చీలిక దగ్గర బండిని దారి మళ్ళించే మొన పట్టాలు పాత దారికి కలిపి ఉన్నాయి. తుప్పుపట్టిన ఆ పట్టాల మీద చక్రాలు కొత్తగా రాసుకుపోయిన మెరుపు కనిపించింది. పక్కనే పుట్టలాగా కదలకుండా ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, ఈ పట్టాలు ఎవరు జరిపారు?" అని వకుళ అడిగింది.

ముని కళ్ళు తెరిచాడు. "గండశిలుడనే రాక్షసుడు. నా కళ్ళతో చూశాను. నీ ముఖంలో నిప్పులు రాలుతున్నాయి తల్లీ. ముందు ఆ కోపం విడిచిపెట్టు."

"చూసి కూడా ఊరుకున్నారా? బండి నిండా జనం ఉన్నారు! పసిబిడ్డలున్నారు! ఎవరికైనా ఒక్క మాట చెప్పారా? ఊరుకున్న మీరు నన్ను కోపం విడిచిపెట్టమంటారా?"

ముని తన కమండలం పక్కనున్న విభూతి తీసి ఆమె కొంగులో కట్టాడు. "నువ్వన్నదే నిజం. వాడు అందరినీ మాయనిద్రలో ముంచాడు. ఇది చల్లితే మేలుకుంటారు. వెళ్ళు తల్లీ, నీ కోపాన్ని నీతోనే ఉంచుకో."

పాత దారిలో కొంతదూరం పోయేసరికి కరకరమని చప్పుడు వినవచ్చింది. ఏనుగంత మృగం ఒకటి, ఒంటి నిండా పలకల్లాంటి పొలుసులతో, పట్టాల కింది కంకర నములుతోంది.

"ఏయ్! ఆపు!" అని వకుళ కేక వేసింది.

"రాళ్ళేగా! ఇన్ని రాళ్ళు ఎవడికి కావాలి?" అన్నది మృగం తాపీగా.

"బండికి కావాలి! దాని బరువంతా నేలకు పంచేది ఈ రాళ్ళే. వాననీరు వీటి సందుల్లోంచి జారిపోతుంది. ఇవి లేకపోతే నేల బురదై పట్టాలు కుంగిపోతాయి, బండి బోల్తాపడుతుంది. మా అమ్మ ఈ దారినే తిరిగి రావాలి. కక్కు! ఒక్క రాయి మిగలకుండా కక్కు!"

పుట్టి బుద్ధెరిగాక ఆ మృగాన్ని చూసి పారిపోయినవాళ్ళే గాని గద్దించినవాళ్ళు లేరు. అది బెదిరిపోయి, మింగిన కంకరంతా పట్టాల కింద కక్కేసి, తోక ముడిచి పొదల్లోకి దూరింది.

పాత దారి చుట్టూ తిరిగి మళ్ళీ రేవు దారికి దగ్గరగానే వచ్చి, ఒక కొండ కింద పాడుబడ్డ సొరంగంలో ముగిసింది. దాని నోటికి అడ్డంగా గండశిలుడు కూర్చుని ఉన్నాడు. వాడి వెనక చీకట్లో బండి, కిటికీల్లో తలలు వాల్చి నిద్రపోతున్న జనం కనిపించారు.

"బండి నడిపే మా అమ్మని వదులు!" అన్నది వకుళ.

"ఆ పొగరుబోతు నీ తల్లా?" అని రాక్షసుడు కొండ దద్దరిల్లేలా అరిచాడు. "నా కొండ తొలిచేటప్పుడు మీ రాజు ఏం మాట ఇచ్చాడో తెలుసా? బండి ఇక్కడ ఆగుతుందనీ, నా కొండజనం ఎక్కవచ్చుననీ! రోజూ వాళ్ళు అదిగో, ఆ రేవు దారి పక్కన మూటలతో నిలబడేవారు. నేను చెయ్యి ఊపేవాణ్ణి. నీ తల్లి నన్ను చూసి కూత వేసి వెళ్ళిపోయేది!"

"పక్కకు తప్పుకోమని వేసింది! అంత బరువు బండి, అంత వేగంలో, నిన్ను చూశాక బ్రేకు వేస్తే నీ దగ్గర ఆగుతుందా? ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారుతుంది. కొండ దాటి ఎంతో దూరం పోయాకే ఆగుతుంది. అందుకే ఆగవలసిన చోటుకు చాలా ముందే ఎర్ర సిగ్నలు పెడతారు. రాజు ఇక్కడ సిగ్నలు పెట్టాడా?"

"లేదు."

"స్టేషను కట్టాడా?"

"లేదు," అన్నాడు గండశిలుడు. వాడి గొంతు తగ్గింది.

"మాట తప్పినవాడు కోటలో ఉంటే, ఏ పాపమూ ఎరగని జనాన్ని చీకట్లో పడేశావు. నీ కోపం న్యాయమైనదే. దాన్ని చూపించిన చోటు అన్యాయం!"

రాక్షసుడు తల వంచి దారి ఇచ్చాడు. వకుళ విభూతి చల్లుతూ పెట్టెపెట్టెకూ తిరిగింది. జనం ఒక్కొక్కరే మేలుకున్నారు. కుంతల కళ్ళు తెరిచి, కూతుర్ని గుండెలకు హత్తుకుని, "ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా?" అన్నది. అప్పుడు మాత్రం వకుళ భోరున ఏడ్చింది.

గండశిలుడు ధాన్యపు పెట్టె మీద కూర్చోగా బండి వచ్చిన దారినే వెనక్కి నడిచి రాజధానికి చేరింది. జనమంతా వింటుండగా వాడు రాజు ఇచ్చిన మాటను బయటపెట్టాడు.

"కొండవాళ్ళకు ఇచ్చిన మాట కూడా ఒక మాటేనా? ఇక బండి నడిపేదానికి నేను క్షమాపణ చెప్పడమా!" అని ఉదగ్రసేనుడు ఈసడించాడు.

చీకటి సొరంగంలోంచి బతికి బయటపడ్డ జనానికి ఆ మాట చాలింది. వాళ్ళు కోటలోకి చొచ్చుకుపోయి రాజును సింహాసనం మీంచి దించి, వకుళకు పట్టం కట్టారు.

వకుళ మొదటి ఆజ్ఞగా కొండ దగ్గర స్టేషను కట్టించింది. దానికి చాలా ముందే సిగ్నలు పెట్టించింది. తొలిరోజు కుంతల బండిని నెమ్మదిగా తెచ్చి ఆపింది. మూట నెత్తిన పెట్టుకుని ఎదురుచూస్తున్న ఒక కొండజనపు ముసలమ్మ బండి దగ్గరకు వచ్చి, నమ్మలేక, వేడి ఇనుమును వేలితో తాకి చూసింది.

"ఇది మా కోసమే ఆగిందా?"

"మీ కోసమే అవ్వా," అని కుంతల చెయ్యి అందించింది. "ఎక్కు."