మాటకొండ మీద కొత్త చెప్పులు

చంపకపురంలో నిద్ర అన్నదే లేకుండా పోయింది. మాటకొండ మీది గుర్రుపోతు అనే రాక్షసుడు ఊరందరి నిద్రనూ ఒక కుండలో ఎత్తుకుపోయి, ఆ కుండనే తలకింద పెట్టుకుని గురకలు తీస్తున్నాడు. కట్టెలమ్మే పైడి ఇంట్లో చంటి తమ్ముడు ఏడ్చే ఓపిక కూడా లేక కళ్లు తేలేశాడు. పొద్దుగూకేలోగా కునుకు పట్టకపోతే పిల్లాడు దక్కడని వైద్యుడు చెప్పేశాడు.

"కుండ నేను తెస్తాను!" అని యువరాజు రత్నశేఖరుడు మీసం దువ్వాడు. దారి చూపడానికి పైడిని పిలిపించారు.

ఏం తయారయ్యాడనుకున్నారు మహానుభావుడు! మండుటెండలో కొండెక్కడానికి నేల మీద జీరాడే పట్టు అంగరఖా, పైన జరీ కండువా, నెత్తిన కిరీటం, కాళ్లకు ఆ ఉదయమే కుట్టించిన జలతారు కిర్రుచెప్పులు. చేతిలో అద్దం ఉంది, నీళ్లు మాత్రం లేవు. పైడి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు పరికిణీ ఎగదోపుకుని, కాలికి అలవాటైన పాత చెప్పులు తొడుక్కుంది. భుజాన సొరకాయ బుర్రలో నీళ్లు, ఓణీ కొంగున రొట్టె కట్టుకుంది.

"ఇదేం వేషమే, ముష్టిదానిలా! నాకు దూరంగా నడువు," అన్నాడు యువరాజు.

"అలాగే దొరా," అంది పైడి. ఈ అలంకారమేదో గంగిరెద్దుకు చేసినా నాలుగిళ్లు తిరిగొచ్చేదని మనసులో అనుకుంది.

కొండ మొదట్లో ఒక ముని యువరాజును ఎగాదిగా చూశాడు. "ఎవరి పెళ్లికి నాయనా? సరే, పైన మాత్రం నోరు జాగ్రత్త. ఆ కొండ మీద ఏ మాటంటే అదే నిజమై కూర్చుంటుంది."

వింటేగా! యువరాజు అద్దంలో మీసం చూసుకుంటున్నాడు. పైడి మాత్రం విని, నోటికి తాళం వేసుకుంది.

కొంతదూరం ఎక్కేసరికి కండువా ముళ్లకంపకు చిక్కి సగం చిరిగింది. చెమటలు కారుతుంటే, "అబ్బ, ఈ కిరీటం బండరాయిలా ఉంది!" అన్నాడు యువరాజు. అంతే, నెత్తిమీద నిజంగానే బండరాయి! మెడ పట్టేసి, దాన్ని కింద పడేశాడు. పోనీ బుద్ధొచ్చిందా? నాలుగడుగులు వేశాడో లేదో, "అమ్మో, చెప్పు కరిచింది!" అని అరిచాడు. చెప్పులకు పళ్లు మొలిచాయి. పైడి లాగితేగాని వదల్లేదు.

యువరాజు చతికిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పైడికి ఒళ్లు మండింది. ఇంట్లో తన తమ్ముడికి ఆ ఏడుపు కూడా రావడం లేదు మరి. నీళ్లబుర్ర అతని పక్కన పడేసి, ఆ జలతారు చెప్పులు చేతపట్టుకుని ఒక్కతే పైకి వెళ్లింది.

కుండ మీద చెయ్యి వెయ్యగానే గుర్రుపోతు లేచాడు. "ఎవతివే నువ్వు? నా నిద్ర పాడుచేశావు!" అని గర్జించాడు. అంతలో చెప్పుల తళుకు వాడి కంటపడింది. "అవెవరివే?"

"మీకోసమే తెచ్చాను. మీ కాలికి కొలిచి కుట్టినట్టు సరిపోతాయి," అంది పైడి. కొండ మీద ఆమె ఆడిన మొదటి మాట అది. చెప్పులు చేటలంత పెరిగాయి.

రాక్షసుడు మురిసిపోతూ తొడుక్కుని అటూ ఇటూ కిర్రుమంటూ తిరిగాడు. కొత్త తోలు కదా, మడమ ఒరుసుకుంది. "అబ్బా, కరుస్తున్నాయే!" అన్నాడు. పళ్లు దిగాయి. "అయ్యో, నా ప్రాణం తోడేస్తున్నాయే!" అని కేకపెట్టాడు. కొండ ఆ మాటా నిజం చేసింది. గుర్రుపోతు అక్కడికక్కడే కూలిపోయాడు.

పొద్దుగూకబోతుండగా పైడి కుండతో కోట వాకిట్లోకి వచ్చింది. వెనక, కాళ్లకు జరీ పీలికలు చుట్టుకుని యువరాజు కుంటుతూ వచ్చాడు.

"భళా! పైడీ, మా అబ్బాయిని నీకిచ్చి పెళ్లి..." అంటున్నాడు రాజు.

పైడి ఆ మాట పూర్తి కానివ్వకుండా మూత తీసింది. రాజు తెరిచిన నోరు తెరిచినట్టే గురక పెట్టాడు. యువరాజు మెట్ల మీదే ఒరిగిపోయాడు. పైడి కళ్లు నులుముకుంటూ ఇంటికి పరుగెత్తింది. ఉయ్యాలలో తమ్ముడు గుప్పిళ్లు మూసుకుని ఆదమరిచి నిద్రపోతున్నాడు. ఆ పక్కనే పాత చెప్పులు విడిచి, నేలమీద వాలిపోయింది.

తెల్లారాక పెళ్లి సంగతి రాజుకు గుర్తులేదు. పైడి గుర్తు చెయ్యలేదు.