కత్తుల కొట్టులో వణికిన మిషన్

ఇస్తరవ్‌షాన్‌లో అపరాధ పరిశోధన చేసే సబోహత్ గుమ్మం ముందుకు, కత్తుల కొట్టు ఊడ్చే పర్వోనా రొప్పుతూ వచ్చింది.

"సబోహత్ ఖోలా, కత్తిపిడులకు చిల్లులు వేసే మిషన్ వణుకుతోంటే, దాన్ని నేనే కింద పడేశానట. మా కొట్టు యజమాని హకీమ్ ఉస్తా చాయ్‌ఖానాలో నలుగురి ముందూ అనేశాడు. ఇక ఈ ఊళ్లో నాకెవరు పనిస్తారు? పిల్లల్ని ఏం పెట్టి సాకను?"

సబోహత్ అప్పటికే చెప్పులు తొడుక్కుంది. సహాయకుడు దిలోవర్, ఒకప్పటి పోలీసు జమేదారు, కొలతల పెట్టె చంకన పెట్టుకుని వెంట నడిచాడు.

కొట్టులో హకీమ్ ఉస్తా గుర్రుమన్నాడు. "చిల్లు పొడిచే బరమాను పట్టుకునే చక్ కొత్తది నేనే బిగించాను. మర్నాటికి మిషన్‌కు వణుకు. మధ్యలో కొట్టు ఊడ్చింది ఈవిడే."

సబోహత్ బరమాను తీసి అద్దం మీద దొర్లించింది. సాఫీగా దొర్లింది. వేరేది పెట్టినా వణుకు పోలేదు. చక్‌ను తిప్పే ఇరుసును పట్టుకుని గట్టిగా తోసింది. కదల్లేదు. చివరికి, ఏ కాస్త ఊగినా చూపే కొలత సూదిని ఆనించి చక్‌ను చేత్తో తిప్పింది.

"దిలోవర్ అన్నా, ఊగుడు ఎక్కడ ఎక్కువ?"

"చక్ దగ్గర కొంచెమే. బరమా కొసన బాగా ఉందండీ."

"ఉస్తా, చక్ మార్చినప్పుడు ఇస్పంద్ గింజల ధూపం వేశారా?"

"వెయ్యనా మరి? దిష్టి తగలదూ? లోపలికీ పొగ పట్టాలని, చక్ పెట్టకముందే కుంపటి సరిగ్గా అది కూర్చునే కన్నం కింద పట్టాను."

సబోహత్ పనివాళ్లందరినీ పిలిచింది.

"మిషన్ పడి ఉంటే ఇరుసు వదులయ్యేది. బరమాలోనూ వంకర లేదు. కిందికి వచ్చేకొద్దీ ఊగుడు పెరుగుతోందంటే చక్ ఒక పక్కకు వాలి కూర్చుంది."

చక్‌ను తట్టి ఊడదీసి, వేలికి తెల్లగుడ్డ చుట్టి కన్నంలో తిప్పింది. గుడ్డకు నల్లటి పొట్టు ముక్క అంటుకుని వచ్చింది, చీమ తలంత.

"నిప్పు మీద ఇస్పంద్ గింజలు చిట్లి ఎగురుతాయి. ఒకటి పైకెగిరి ఇందులో దూరింది. మీరు దాని మీదే చక్ బిగించారు."

శుభ్రం చేసి మళ్లీ బిగించి, కొలత సూదిని ఆనించి తిప్పింది. చక్ తిరుగుతోంది, సూది మాత్రం నిలిచిపోయింది. ముప్పై ఏళ్లలో ఎందరో దొంగలు తల వంచడం చూసిన దిలోవర్, తన ఊపిరి తగిలి అది ఎక్కడ కదులుతుందోనని శ్వాస బిగబట్టాడు. అంత ఇనుమును చీమ తలంత పొట్టు వణికించింది. ఆ పొట్టును ఈమె చూడకుండానే చూసింది.

హకీమ్ ఉస్తా పర్వోనా వైపు తిరిగాడు. "తప్పు నాదేనమ్మా."

"ఆ మాట ఇక్కడ కాదు ఉస్తా," అంది సబోహత్. "అక్కడ, నలుగురి ముందూ చెప్పాలి."

ఉస్తా టోపీ సర్దుకుని చాయ్‌ఖానా వైపు కదిలాడు. పర్వోనా వెంట నడిచింది.

"నువ్వెందుకమ్మా? అక్కడంతా మగవాళ్లే."

"పోయింది నా పేరు కదా ఉస్తా. నా చెవులతో వింటాను."