గుహలో మూడు పేజీలు

“మీ కథలో పిల్లలు ఇరుక్కుపోతున్నారండీ,” అన్నాడు ప్రూఫులు చూసే అబ్బాయి, తల ఎత్తకుండానే.

బొమ్మలమ్మాయికి ఒళ్ళు మండింది. ఏడాదిపాటు గీసిన పుస్తకం అది. చదివే పిల్లలే దారి ఎంచుకునే బొమ్మల కథ. గుహలోకి వెళ్తావా, పన్నెండో పేజీ తియ్యి. వంతెన దాటుతావా, నలభయ్యో పేజీ తియ్యి. ఆమె మొదటి పుస్తకం. శుక్రవారానికి ప్రెస్సుకు వెళ్ళకపోతే స్కూలు లైబ్రరీల జాబితాలో ఉండదని పబ్లిషరు ముందే తేల్చేశాడు. ఆరోజు బుధవారం.

“ఎక్కడ ఇరుక్కున్నారట?”

“గుహలో. పన్నెండు నుంచి పంతొమ్మిది, అక్కణ్ణుంచి ఇరవై ఏడు, మళ్ళీ పన్నెండు. ఏది ఎంచుకున్నా అంతే.”

“అది గుహండీ. దారి తప్పాలనే పెట్టాను.”

“తప్పనివ్వండి. బయటికి రానివ్వాలి కదా.”

“మీరు అచ్చుతప్పులు చూడండి చాలు. కథ సంగతి నేను చూసుకుంటాను.”

అతను సరేనన్నట్టు తలూపి పెన్సిలు చెక్కుకోవడంలో పడ్డాడు. ఎదురు చెప్పినా బాగుండేది, తిట్టుకోవడానికి ఓ సాకైనా దొరికేది.

ఇంటికెళ్ళి అక్క కూతురి చేతిలో ప్రూఫు కాపీ పెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నేల మీద బోర్లా పడుకుని వంతెన దాటింది, కిలకిలా నవ్వింది. వెనక్కొచ్చి గుహలో దూరింది. పేజీలు తిప్పింది, తిప్పింది. చివరికి పుస్తకం మూసి పక్కకు నెట్టేసింది.

“ఏమైందే?”

“నాకు రావట్లేదు పిన్నీ. నేను సరిగ్గా ఎంచుకోవట్లేదు.”

ఆ మాట ముల్లులా దిగింది. తప్పు పుస్తకానిది. పిల్ల తనదనుకుంది.

మర్నాడు పబ్లిషరు ఆఫీసు చేరేసరికి జోరువాన. గొడుగున్నా సగం తడిసిపోయి అతని బల్ల ముందు నిలబడింది.

“ఆ మూడు పేజీలూ మళ్ళీ గీస్తాను. రేపటికల్లా అయిపోవాలి. బల్లలో సగం ఇస్తారా?”

అతను కాగితాలు జరిపాడు. వాటి కింద పెద్ద చార్టు. ఆమె కథలోని దారులన్నీ రంగు పెన్సిళ్ళతో గీసి ఉన్నాయి.

“ఇన్నీ చదివారా?”

“ఇరవై మూడు ముగింపులూ చదివాను. చెల్లి అక్కని వదిలేసి వచ్చేసే ముగింపు మాత్రం రెండోసారి చదవలేకపోయాను. అక్కడ ఆ పిల్ల వీపొక్కటే గీశారు. మొహం చూపించుంటే అంత బాధ ఉండేది కాదు.”

ఆ వీపు కోసం ఆమె పదకొండుసార్లు చెరిపి గీసింది. ఇంట్లోవాళ్ళు బాగుందన్నారు, పబ్లిషరు పేజీలు ఎక్కువన్నాడు. ఆ వీపును చూసినవాడు ఇతనొక్కడే.

సాయంత్రందాకా ఆమె గీస్తూనే ఉంది. అతను పక్కన కూర్చుని దారులు సరిచూస్తున్నాడు.

“గుహ పైకప్పుకి కన్నం పెడితే?” అన్నాడు.

“మరీ సుళువు.”

“దూరంగా నీళ్ళ చప్పుడు?”

ఆమె కుంచె ఆగింది. “చప్పుడు బొమ్మలో ఎలా వినిపిస్తుందండీ?”

“మీరు గీస్తే వినిపిస్తుంది.”

అనేశాక చెవులదాకా ఎర్రబడి, రబ్బరు కోసం బల్ల కింద వెతకసాగాడు. రబ్బరు బల్ల మీదే ఉంది. ఆమె చెప్పలేదు.

శుక్రవారం పొద్దున అక్క కూతురు నీళ్ళ చప్పుడు వెంటే గుహలోంచి బయటపడి చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికి పేజీలు ప్రెస్సుకు వెళ్ళిపోయాయి.

“ఇక ఇటు రారేమో,” అన్నాడతను, చార్టు చుట్టేస్తూ.

“మీరే రావాలి, మా ఇంటికి. ఆదివారం. మా అమ్మ చూస్తానంది.”

“నన్నా? నా గురించి ఏం చెప్పారు?”

“అమ్మకి అంతా చెప్పాను. మీకే చెప్పలేదు. మీరంటే నాకిష్టం.”

ఊళ్ళో అందరి వాక్యాలూ దిద్దేవాడు తన వాక్యం మొదలుపెట్టలేక నీళ్ళు నమిలాడు.

“నాక్కూడా... అంటే, మొన్నటి నుంచి కాదు, ఆ వీపు బొమ్మ చూసినప్పట్నుంచి... ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?”

“పొద్దున్నే రండి.”

ఆదివారం ఆరున్నరకే గుమ్మంలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. ఇల్లంతా ఇంకా నిద్రలోనే ఉంది. తలుపు తీసిన అమ్మ అతన్ని ఎగాదిగా చూసి, నవ్వాపుకుంటూ లోపలికి కేకేసింది.

“బుజ్జీ, లేవవే. నీ మనిషొచ్చాడు.”